గోడ చివర నీళ్ళు తిరిగే చోటు

సూర్యారావు గారు పోయిన పదకొండో రోజున, భోజనాలన్నీ అయిపోయి చుట్టాలు కుర్చీల్లోనే కునుకు తీస్తున్న వేళ, ఆయన కూతురు మంగ చెయ్యి తుడుచుకుంటూ మా పెరట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను ఓదార్పుగా ఏదో అనబోతే విననట్టే, "సుగుణా, నీళ్ళు దిగేయా?" అని అడిగింది. దిగాయన్నాను. "పద, చూసొద్దాం. నాన్న మంచం పట్టేక మా వైపు నుంచి ఎవరూ చూళ్ళేదు" అంది. ఇద్దరం అరవై దాటినవాళ్ళం. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మా పెరటి మెట్ల మీంచి ఏటి ఒండ్రులోకి దిగాం. కర్మ రోజున ఈ ఇద్దరు ముసలమ్మలూ బురదలో ఏం వెతుకుతున్నారో అని చూసినవాళ్ళు అనుకునే ఉంటారు.

ఏటి ఒడ్డున ఇల్లున్నవాళ్ళకి తప్ప ఈ పని సంగతి తెలియదు. మా ఇల్లు సఖినేటిపల్లి రేవుకి దిగువన, వశిష్ఠ పాయ అంచున ఉంది. సముద్రం దగ్గర కాబట్టి రోజుకి రెండుసార్లు పోటు వచ్చి నీళ్ళు మా రాతిగోడని సగందాకా ముంచుతాయి. రెండుసార్లు పాటు తీసి గోడ పాదాలు బయటపడతాయి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. అది వెళ్ళిన మర్నాడు కిందికి దిగి ఈ చివర నుంచి ఆ చివరకి గోడని చూసుకోవాలి. ఏ సందులో సున్నం రాలింది, ఏ రాయి వదులైంది, పీతలు ఎక్కడ బొరియ చేశాయి, రావి మొలక ఎక్కడ తల ఎత్తింది, గోడ వెనక నిలిచే నీరు బయటికి రావడానికి వదిలిన కన్నాలు పూడిపోయాయా, అన్నీ వేలు పెట్టి తడిమి చూడాలి. ఒక పక్షం మానేస్తే ఏమీ కాదు. రెండు పక్షాలు మానేసినా కాదు. అలా ఏమీ కాకుండానే ఒకనాడు పడిపోతుంది.

సూర్యారావు గారిది మా పక్క కొబ్బరితోట. తొంభై ఏళ్ళు పైబడి, కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో కూడా ఆయన పక్షానికొకసారి మా గోడ కిందికి దిగేవారు. కొత్తగా చూసినవాళ్ళు ఇరుగుపొరుగు అభిమానం అనుకునేవారు. అభిమానం కాదు. ఆయన మమ్మల్ని నమ్మక వచ్చేవారు. ఆయన్ని నమ్మక మేమూ దిగేవాళ్ళం. ఇదంతా నా పదకొండో ఏట మొదలైంది. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి, మా నాన్న అంతకు చాలా ముందే పోయారు కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పవచ్చుననుకుంటాను.

మా నాన్న దేవదానం మేస్టారు ఊరి ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు. మా వాళ్ళలో పేట దాటి బయటికొచ్చి పెంకుటిల్లు కట్టుకున్న మొదటి మనిషి. ఊళ్ళో మాకు నేల అమ్మేవాళ్ళు లేని రోజుల్లో సూర్యారావు గారి తండ్రి తన తోట పక్కనున్న ఒడ్డు చెక్కని మాకు ఇచ్చారు. ఆయనది పెద్ద మనసని నాన్న చెప్పేవారు. మామ్మ, అంటే నాన్న తల్లి, ఇదే సంగతి ఇంకోలా చెప్పేది. "ఏటికి పోయే నేల కాబట్టి మనకిచ్చేరు. పోని నేల మనకెందుకిస్తార్రా అబ్బాయ్?" అనేది. సూర్యారావు గారు ఎదురుపడితే "బాబుగారండీ" అని పిలిచే మామ్మ, ఆయన అటు తిరగ్గానే "ఆడు" అనేది.

మామ్మకి మనుషుల మీద నమ్మకం పోవడానికి కారణం ఉంది. ఆమె కాపురానికి వచ్చింది ఏటి మధ్య ఒక లంక ఊరికి. ఒక వరదలో ఆ ఇల్లు ఏట్లో కలిసిపోయింది. సామాన్లు ఒడ్డుకి చేర్చడానికి చాలామంది సాయం వచ్చారట. అంతా అయ్యాక చూసుకుంటే గుమ్మం చట్రం లేదు. కొన్నేళ్ళ తరవాత పక్క ఊళ్ళో ఎవరింటికో పనికి వెళ్తే, ఆ ఇంటి గుమ్మం మీద తన రోకలి తగిలి పడ్డ నొక్కు కనిపించిందట. "అప్పుడేం చేసేవు మామ్మా?" అని నేను అడిగితే, "మంచినీళ్ళడిగి తాగి వచ్చేసేను. ఆ గుమ్మం దాటి నన్ను లోపలికి రానివ్వరు కదా మరి" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు మామ్మ మొహంలో కోపం ఉండేది కాదు. ఎప్పుడో రుజువైపోయిన లెక్కని మళ్ళీ ఒకసారి చెప్పినట్టుండేది.

మా ఇంట్లో రోజు గోడతో మొదలయ్యేది. తెల్లవారగానే నాన్న పంచె ఎగ్గట్టి, ఇనప ఊచ తీసుకుని దిగి, నీటి కన్నాలు ఒక్కొక్కటే పొడిచి శుభ్రం చేసేవారు. కన్నంలోంచి నల్లటి నీరు బుడబుడమని వస్తే ఆయన మొహం తేలికపడేది. అమ్మ పెరట్లో కొబ్బరి మట్టల పొయ్యి మీద అన్నం వార్చి, ఆ చేత్తోనే మరమ్మత్తుకి గుల్లసున్నం తడిపేది. నీళ్ళు పొయ్యగానే సుయ్యిమని పొగ లేచి ముక్కు మండేది. అందులో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపి, జారకుండా చేత్తో పట్టి చూసి, నాన్నకి గమేళాలో అందించేది. ఒక పక్క ఆ సున్నం ఘాటు, ఒక పక్క ఎక్కడో నానేసిన కొబ్బరి పీచు కుళ్ళు వాసన, వంటింట్లోంచి ఎండు మెత్తళ్ళ చేపల వేపుడు. ఈ మూడూ కలిసి ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆదివారం పొద్దున్నే అనిపిస్తుంది, చర్చి గంట కొట్టేలోపు పని ముగించాలన్న తొందర వస్తుంది. మామ్మ మాత్రం ఏ పనీ ముట్టుకునేది కాదు. గోడ మీద నడుమెత్తున కట్టిన పిట్టగోడకి ఆనుకుని స్టూలు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, ఏటినీ మనుషుల్నీ కనిపెట్టి ఉండేది.

కోనసీమలో రాయి పుట్టదు. ఎంత లోతు తవ్వినా మట్టే, ఇసకే. మా గోడకి కావలసిన నల్లరాయి రాజమండ్రి పైనుంచి రెండు పడవల్లో వచ్చింది. గోడ కట్టగా మిగిలిన రాళ్ళని, ఒక్కొక్కటీ ఒక మనిషి రొమ్ముకి ఆనించి మొయ్యగలిగినంతవి, గోడ పాదాల దగ్గర వరసగా పేర్చారు. అల ముందు వాటికి తగిలి జోరు తగ్గాకే గోడకి తగలాలి. గోడ కింద ఇసక జారిపోకుండా అదిమి ఉంచేవి కూడా అవే. పైన ఎంత సున్నం పూసినా, కింద ఆ రాళ్ళు లేకపోతే గోడ లేనట్టే.

ఆ రాళ్ళు తగ్గుతున్నాయని మొదట అన్నది మామ్మ. నాన్న నమ్మలేదు. ఒండ్రులో కూరుకుపోయి ఉంటాయన్నారు. "ఒండ్రు ఒక్కొక్కటే ఏరుకుని తింటదా?" అంది మామ్మ. పడవలకి పూసే తారు ఎవరినో అడిగి తెచ్చి, అన్నిటికీ అంకెలు వేసేదాకా ఊరుకోలేదు. నాన్న ఒక సెలవు రోజున నవ్వుకుంటూనే వేశారు. నలభై రాళ్ళు. బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఒక్కొక్క అంకె. పున్నమి పోటు వెళ్ళాక చూస్తే ముప్పై ఏడున్నాయి. అమావాస్య వెళ్ళాక ముప్పై నాలుగు. నాన్న నవ్వడం మానేశారు.

ఆ నెలలో మా ఇంట్లో మాట తీరే మారిపోయింది. నావ కట్టుకోవడానికి ఆగిన జాలర్లని మామ్మ "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని నిలదీసేది. పాలు పోసే ఆవిడ పెరటి వైపు చూస్తే, ఎవరినీ ఒక మాట అనని మా అమ్మ కూడా ఆవిడ చూపు ఎక్కడ ఆగిందో చూసేది. నాన్న బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వెళ్ళేవారు. ఎక్కడెక్కడో తిరిగి అనుమానమంతా చివరికి సూర్యారావు గారి దగ్గరికే చేరేది. గోడ కట్టిన దగ్గర్నుంచీ ఆయన పలకరింపు తగ్గించారు. అంతకు ముందు క్రిస్మస్‌కి తప్పకుండా బొండాల గెల పంపేవారు, అదీ మానేశారు. మేం బాగుపడ్డామని ఆయన కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నారని మా ఇంట్లో తేలింది. ఆయన తోట వైపున్న కిటికీ మూసేశారు. ఆ వేసవంతా ఆ గదిలో ఉడికిపోతూ పడుకున్నాం గానీ కిటికీ తియ్యలేదు.

మంగ నా ఈడుది. బడిలో నా పక్కనే కూర్చునేది. ఒక మధ్యాహ్నం మామ్మ నాకు జడ వేస్తూ, ఎన్నడూ లేనంత మెత్తగా, "మంగతో ఆడుకోవట్లేదేం? నీళ్ళు దిగేక ఆళ్ళ రేవు కాడికి ఎల్లి ఆడుకోండి. కింద ఏవుందో కాస్త చూసి రా" అంది. నేను వెళ్ళాను. వాళ్ళ రేవంటే కొబ్బరి మొద్దులు అడ్డంగా వేసిన నాలుగు మెట్లు. ఇద్దరం గుల్లలు ఏరుకుంటూ కిందిదాకా దిగాం. ఆఖరి మొద్దు కింద, ఒండ్రులో సగం మునిగి, నల్లరాళ్ళు. ఒకదాని మీద పదిహేడు. మా నాన్న ఏడు అంకెకి చిన్న తోక తిప్పేవారు. ఆ తోక కూడా ఉంది.

నేను చూడటం మంగ చూసింది. మెల్లిగా వచ్చి తన బురద పాదాన్ని ఆ అంకె మీద పెట్టి నిలబడింది. "ఇంట్లో చెప్తావా?" అని అడిగింది. చెప్పనన్నాను. "ఒట్టు?" అంది. ఒట్టేశాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే చెప్పేశాను. నా జీవితంలో నేను తప్పిన ఒట్లు ఇంకా ఉన్నాయి గానీ, అంత తొందరగా తప్పింది అదొక్కటే.

మర్నాడు పొద్దున్న నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, "చూసింది నువ్వు కాబట్టి నువ్వూ రావాలి" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. సూర్యారావు గారు తోటలో నేలకి పాతిన గునపం మొన మీద కొబ్బరికాయలు వలుస్తున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"రండి మేస్టారు. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. మా రాళ్ళు మీ రేవు దగ్గర ఉన్నాయని పాప చెప్పిందండి." నాన్న గొంతు బడిలోలాగే నిబ్బరంగా ఉంది.

"ఆయ్. ఉన్నాయండి. నేనే తెచ్చేను."

కాదంటారనుకుని వచ్చారు నాన్న. "ఒక్క మాట అడిగితే బాగుండేది కదండీ" అన్నారు.

"మీరు నన్నడిగేరా అండి?" అన్నారు సూర్యారావు గారు. కోపంగా అనలేదు. చేతిలో ఉన్న కొబ్బరి పీచు డొక్క తీసుకుని ముందు నడిచి, "ఇలా రండి. చూద్దురు గాని" అన్నారు.

మా గోడ ఆగిపోయి ఆయన మట్టి గట్టు మొదలయ్యే మూలకి తీసుకెళ్ళారు. అప్పుడే పోటు మొదలై నీళ్ళు ఎక్కుతున్నాయి. డొక్కని మా గోడ ముందు నీళ్ళలోకి విసిరారు. అది గోడ వెంబడి చక్కగా సాగి, గోడ అయిపోయిన చోట గిర్రున రెండు చుట్లు తిరిగి, నేరుగా వెళ్ళి ఆయన గట్టుకి కొట్టుకుంది. కొట్టుకున్న చోట గంపెడు మట్టి మెత్తగా జారి నీళ్ళలో పడింది.

"మీ గోడకి తగిలిన నీళ్ళు ఎక్కడికో అక్కడికి వెళ్ళాలి కదండీ మేస్టారు" అన్నారాయన. "ఇక్కడ పదకొండు చెట్లుండేవి. మా నాన్న పాతినయ్యి. మీరు గోడ కట్టిన మూడేళ్ళలో అన్నీ ఏట్లోకి ఒరిగిపోయేయి. ఆ చెట్లు పడుతుంటే నేను మా రేవులో రాళ్ళేసుకున్నాను. తప్పే. కానండి, ఒక్కటడుగుతాను. గోడ కట్టేటప్పుడు మీకీ సంగతి తెలీదా అండి?"

"తెలీదండి" అన్నారు నాన్న.

సూర్యారావు గారు నాన్న మొహంలోకి చూశారు. తరవాత నా మొహంలోకి చూశారు. "అయితే సరేనండి" అని తిరిగి కాయలు వలుచుకోవడానికి వెళ్ళిపోయారు.

నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, మనసులో. గోడ కట్టేటప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తాపీ మేస్త్రి వెనక తిరగడమే నాకు పని. ఆఖరి రోజున మేస్త్రి ఈ మూల దగ్గరే నిలబడి, "ఇక్కడ వంపు తిప్పి పక్కాయన గట్టులోకి కలిపెయ్యాలండి మేస్టారు. లేకపోతే నీళ్ళు తిరిగి ఆయన్ని కోసేస్తాయి" అన్నాడు. "రాయి చాలదు, ఇక్కడికి ఆపెయ్యి" అన్నారు నాన్న. మేస్త్రి ఇంకోసారి చెప్పాడు. నాన్న కొంచెంసేపు ఏటి వైపు చూసి, "ఆపెయ్యి" అని మళ్ళీ అన్నారు. అప్పుడు నాకది గోడ గురించిన మాట, అంతే. ఇప్పుడు వేరే లెక్క మొదలైంది. రాయి చాలకపోతే మా గోడ పాదాల దగ్గర నలభై రాళ్ళు ఎలా మిగిలాయి?

ఆ రోజు నుంచి మా ఇంట్లో అనుమానించడానికి నాకు సూర్యారావు గారు అక్కర్లేకపోయారు. నాన్నని చూడటం మొదలుపెట్టాను. బడిలో హాజరు పిలిచేటప్పుడు రాని పిల్లలకి వచ్చినట్టు వేస్తున్నారేమోనని వెనక బెంచీలు లెక్కపెట్టేదాన్ని. అమ్మతో పులుసు బాగుందంటే మొహం చూసేదాన్ని. చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను తెరిచి, ఆయన నిజంగా మూసుకున్నారా అని చూసేదాన్ని. నిజం చెప్పడం గురించి ఆయన పాఠం చెప్పిన రోజున, మంగ నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. ఒట్టు తప్పినందుకు నాతో మాట్లాడటం మానేసిందది. ఆ చూపు నా మీదనో నాన్న మీదనో నాకు తెలియలేదు. ఏ మాటా పైకి చెప్పలేదు గానీ ఆయనకి అర్థమైనట్టే ఉంది. నేను గదిలోకి వస్తే ఆయన పేపరు కొంచెం పైకి ఎత్తుకునేవారు.

చివరికి ఒకనాడు అమ్మ సున్నం తడుపుతుంటే పక్కన కూర్చుని అడిగేశాను. "నాన్నకి తెలుసు కదమ్మా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "తెలుసు" అంది.

"నీకు?"

"నాకూ తెలుసు." నీళ్ళు పోసింది. పొగ లేచింది. మొహం పక్కకి తిప్పుకుని, "పొద్దున్న లేస్తే మీ మామ్మ గుమ్మం కతే కదా చెప్పేది. ఇన్నేళ్ళూ రోజూ విన్నాకా ఎవరికైనా ముందు మన గుమ్మమే కనపడుద్ది" అంది. తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు.

శ్రావణంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. ఎగువ నుంచి వరదా, దిగువ నుంచి పోటూ కలిసి ఏరు మూడు రోజులు దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక చూస్తే సూర్యారావు గారి మూల బాగా కోసుకుపోయింది. ఆ కోతలోంచి నీళ్ళు చుట్టూ తిరిగి మా గోడ వెనక్కి వస్తున్నాయి. మా పెరట్లో జామచెట్టు దగ్గర నేల మెత్తబడి కుంగి, బుడగలు వస్తున్నాయి. గోడ ముందు నుంచి పడుతుందని ఇన్నేళ్ళూ కాపలా కాశాం. అది వెనక నుంచి పడబోతోంది. నాన్న ఆ బుడగల దగ్గర నిలబడి కాసేపు చూశారు. ఇంట్లోకి వెళ్ళి గునపం తెచ్చారు. మామ్మ ఆనుకుని కూర్చునే పిట్టగోడ రాళ్ళలోకి ఆ గునపం దిగేసి పెకలించడం మొదలుపెట్టారు.

"ఒరే, కట్టింది పడగొట్టుకుంటావేట్రా" అని మామ్మ అడ్డం వచ్చింది. నాన్న ఆమెని రెండు చేతులా ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టి, మళ్ళీ వచ్చి గునపం అందుకున్నారు. మొదటి రాయి రొమ్ముకి ఆనించుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి, పక్కాయన మూల కోతలో వేశారు. రెండోది వేస్తుండగా సూర్యారావు గారు తోటలోంచి వచ్చారు. నీళ్ళలోకి దిగి చేతులు చాచారు. నాన్న గోడ దగ్గర, ఆయన కోత దగ్గర. మధ్యలో అమ్మ, సూర్యారావు గారి భార్య, ఇద్దరు పాలేర్లు. నేనూ మంగా మట్టి బస్తాలు ఈడ్చాం. మామ్మ అరుగు మీంచి, వెళ్ళే ఒక్కొక్క రాయినీ పైకి లెక్కపెడుతూనే ఉంది. అంకె వేసిన రాళ్ళూ తిరిగొచ్చాయి. సూర్యారావు గారే తన రేవు కింది నుంచి తవ్వి తీసి అదే కోతలో వేశారు. మేస్త్రి ఆ రోజున తిప్పమన్న వంపు, మూడేళ్ళ తరవాత అలా తిరిగింది.

పని సగంలో ఉండగా, రాయి అందిస్తూ నాన్న ఆగారు. "సూర్రావు గారండీ. ఆ రోజు మీరడిగేరు. నాకు తెలుసండి. మేస్త్రి చెప్పేడు."

ఆ రాయి ఇద్దరి చేతుల్లోనూ ఉంది. సూర్యారావు గారు దాన్ని లాక్కోలేదు, వదల్లేదు.

"ఆయ్. ముందు నాకే చెప్పేడండి మేస్త్రి. మీకు చెప్పి చూస్తానన్నాడు" అన్నారు. "ఆ మాట మీరు ఎప్పుడంటారా అని చూసేను. తెలీదన్నారు చూడండి, ఆ మధ్యాహ్నమే ఇంకో మూడు రాళ్ళు తీసేను. ఇటివ్వండి, బరువుగా ఉంది."

ఆ మాటకి నాన్న నవ్వారో ఏడ్చారో మొహం మీది బురద నీళ్ళలో నాకు తెలియలేదు. ఆయన ఆ పని పక్కాయన కోసం చేశారో మా గోడ కోసం చేశారో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి పెద్దయ్యాక అడిగితే, "ఆ నీళ్ళలో నిలబడ్డాక రెండూ ఒకటే అయిపోయేయమ్మా" అన్నారు. అది నిజమే కావచ్చు. తప్పించుకునే జవాబు కూడా కావచ్చు.

ఆ తరవాత రెండిళ్ళూ ఒకటైపోయాయని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. వంపు తిరిగిన నేల వాళ్ళది, రాయి మాది. నేల కలుపుకుంటామేమోనని ఆయనకి అనుమానం, రాయి తగ్గుతుందేమోనని మాకు. అందుకని ప్రతి పున్నమికీ అమావాస్యకీ ఇద్దరూ కలిసే దిగేవారు. ఒకరు చూస్తుండగా ఇంకొకరు ముట్టుకోవాలి. "ఇరవై రెండు కనపడదేమిటండీ మేస్టారు?" అని ఆయన, "మీ కాలి కిందే ఉందండీ" అని నాన్న. మామ్మ పోయాక కిటికీ తెరిచాం. మంగ మరుసటి ఏడు నాతో మాట్లాడింది, ఒట్టు సంగతి ఎత్తకుండా. నాన్న పోయాక నేను దిగడం మొదలుపెట్టాను. రాజోల్లో పాఠాలు చెప్పినన్నాళ్ళూ బస్సు మీద తిరిగానే గానీ ఈ ఒడ్డు వదల్లేదు. సూర్యారావు గారు నన్నూ అలాగే కనిపెట్టి ఉండేవారు. "ఏమ్మా, ఆ సందులో సిమెంటు పూసేసేవా? సున్నమే పూయాలి, తెలుసా?" అని కర్రతో పొడిచి చూపించేవారు. ఇన్నేళ్ళలో ఆ గోడ నుంచి ఒక్క రాయి పోలేదు. గోదారి మీద ఇన్ని గోడలు పడటం చూశాక నాకనిపించేదేమిటంటే, ఇష్టంతో చూసేవాళ్ళు అప్పుడప్పుడూ మర్చిపోతారు. నమ్మకం లేనివాళ్ళు ఒక్క పక్షం కూడా మర్చిపోరు.

ఇప్పటి సంగతి వేరు. మంగా నేనూ ఆ రోజు వాళ్ళ మూల చూశాం. బాగానే ఉంది. తరవాత దాన్ని మా గోడకి దిగువ చివరకి తీసుకెళ్ళాను. నిరుడు ఎవరో ఊరు కానివాళ్ళు అక్కడి సరుగుడు తోట కొని, గెస్టుహౌసు కట్టి, ఏటి పొడుగునా కాంక్రీటు గోడ లేపారు. నున్నగా, తెల్లగా, మనిషిన్నర ఎత్తు. అది మా హద్దు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆగిన చోట, మా రాతిగోడ మొదలవకముందే, మా నేల రెండు బారలు లోపలికి పోయింది. మంగ ఆ కోతని చూసింది, నీళ్ళని చూసింది. "ఆళ్ళ ఇంజినీరుకి తెలుసంటావా?" అని అడిగింది. తెలిసే ఉంటుందన్నాను. తెలిసి ఎలా ఆపేస్తారో నాకు బాగా తెలుసు. అప్పుడు అడగడానికి గునపం మీద కాయలు వలుచుకుంటూ ఒక మనిషి ఉండేవాడు, తెలీదని అబద్ధం చెప్పడానికైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక మనిషి వెళ్ళేవాడు. ఈ గోడకి మొహం లేదు.

మేం అలా నిలబడి ఉండగా పైనుంచి వాచ్‌మన్ తొంగి చూశాడు. యాభై ఏళ్ళ మనిషి, మెడలో విజిలు.

"ఎవరండి మీరు? గోడ కింద ఏం చేస్తున్నారండి?"

"పక్కింటివాళ్ళం బాబూ" అన్నాను. "మీ ఓనరు గారితో మాట్లాడాలి."

"ఓనరు గారు రారండి. ఫోన్లో కెమెరా చూసుకుంటారండి." స్తంభం మీది కెమెరా వైపు చెయ్యి చూపించాడు. అది రోడ్డు వైపు, గేటు వైపు తిరిగి ఉంది. ఏటి వైపు తిరిగినది ఒక్కటీ లేదు. అతను మా బురద చేతుల వంక చూసి, "ఏవన్నా తీసేరా అండి ఇక్కడ?" అని అడిగాడు.

మంగ తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మనిషి. కోపం వస్తుందనుకున్నాను. అది రెండు చేతులూ పైకెత్తి అరచేతులు చూపించింది. "ఏవీ తియ్యలేదు. నమ్మకపోతే దిగొచ్చి చూసుకో" అంది.

అతను ఫోను తీసి మా ఇద్దరికీ ఫోటో తీసుకున్నాడు. తరవాత గేటు చుట్టూ తిరిగి, ప్యాంటు మడుచుకుని, జాగ్రత్తగా అడుగులో అడుగు వేసుకుంటూ ఒండ్రులోకి వచ్చాడు. తన గోడ మొదలంటా చూసుకున్నాడు. ఏమైనా పెచ్చు ఊడిందేమోనని చేత్తో తడిమాడు. మా నేల కోతకి వచ్చేసరికి ఆగి, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందండి అని అడిగాడు. మీ గోడ కట్టిన దగ్గర్నుంచీ అని చెప్పాను. అతను నమ్మినట్టు లేడు.

"రేపు మళ్ళీ వస్తాం" అన్నాను. "రేపు నీళ్ళు ఇంకో ముప్పావుగంట ఆలస్యంగా దిగుతాయి."

"రేపు కూడానా అండి?"

"రోజూ వస్తాం."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయితే నేనూ ఉంటానండి. మీరేం చేస్తారో నేను చూసుకోవాలి కదండీ" అన్నాడు.

మెట్లెక్కి పైకొచ్చాక మంగ పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంది. వాళ్ళింట్లో చుట్టాలు సామాన్లు సర్దుకుంటున్నారు. సాయంత్రం కారులో తననీ అమలాపురం తీసుకెళ్ళిపోవాలని కొడుకు వచ్చి పిలిచాడు. "నువ్వెళ్ళు నాన్నా. నేను పున్నమి వెళ్ళేక వస్తాను" అని చెప్పింది మంగ.